తెల్లరాళ్ల బాట

కమలాపురం నుంచి కడపకు పోయే దారి పక్కన, ఒకప్పుడు కొర్రలూ వేరుశెనగా పండిన బయలులో యుద్ధం పుణ్యమా అని విమానాలు దిగసాగాయి. ఊళ్లవాళ్లు దాన్ని ఏరోడ్రమ్ము అనేవారు. తీరా చూస్తే అక్కడున్నది గట్టిపరిచిన పొడుగాటి ఎర్రనేల, రేకుల కప్పు వేసిన ఒక షెడ్డు, చుట్టూ ముళ్లకంచె, గాలి ఎటు వీస్తున్నదో చూపడానికి గడకర్రకు కట్టిన గుడ్డసంచి. షెడ్డులో మూడు గదులు. ముందు గదిలో గుమాస్తా జ్ఞానరాజు బల్ల, నడిమి గదిలో దొరలు కూర్చునే పేము కుర్చీలు, చివరి గదిలో తంతిలేని వార్తల యంత్రం. ఏ తలుపు ఎవరిదో ఇంగ్లీషులో రాసిన పలకలు వేలాడేవి. కానీ ఆకాశం నుంచి దిగినవాడికి ముందు తెలియవలసింది ఆ షెడ్డు ఎటున్నదన్న సంగతి. శత్రువు కంట పడకుండా రేకులకు కూడా మట్టిరంగే పూశారు మరి. అందుకని విమానం ఆగే చోటు నుంచి షెడ్డు దాకా, షెడ్డు నుంచి గేటు దాకా రెండు వరుసల రాళ్లు పేర్చి సున్నం కొట్టించారు. తెల్లరాళ్ల మధ్య నడిస్తే చాలు, అక్షరం ముక్క రానివాడూ చేరవలసిన చోటికి చేరతాడు.

ఆ రాళ్లకు సున్నం కొట్టే పని ఖాసిం వలిది. ఈత మట్టను బండమీద నలగ్గొట్టి తనే కుంచె చేసుకునేవాడు. గుంటలో విరిసిన గుల్లసున్నాన్ని పాత పంచెలో వడగట్టి, తుమ్మబంక కలిపి, చిటికెడు నీలిమందు వేసేవాడు. మూడు పూతలు. ఒక పూత ఆరాకనే మరొకటి. వేళ్ల సందులు పగిలి మండితే ఇంటికి పోయి నూనె రాసుకునేవాడు గాని పనిచేసే చోట చేతులు చూసుకునేవాడు కాదు.

ఆనాడు షబ్బేబరాత్. సాయిబుల ఇళ్లవాళ్లు పెద్దల గోరీలు శుభ్రం చేసుకుని, సున్నం కొట్టి, పొద్దుగూకాక అక్కడ దీపం పెట్టుకునే రోజు. ఖాసిం వలి తెల్లవారకముందే వచ్చి పనిలో దిగాడు. పొద్దెక్కేసరికి గుత్తదారు కేశవయ్య సెట్టి గొడుగు వేసుకుని రాళ్ల వెంట నడుచుకుంటూ వచ్చాడు. ఆ బయలులో కూలీలను పెట్టేదీ తీసేదీ ఆయనే.

"ఏం సాయిబూ, సున్నం పలచన చేసినట్టుండావే?"

"లేదు సెట్టీ. బంక ఎక్కువేసినా. ఆరితే తెలుపు తేల్తాది."

"తేలాల. పెద్ద దొరలు తిరుగుతాండారు. ఒక్క రాయి మాసిందంటే నా గుత్త పోతాది. నా గుత్త పోతే నీ పని పోతాది. నీ పని పోతే..." అంటూ సెట్టి షెడ్డు వెనకనున్న తుమ్మచెట్ల వైపు చూసి నవ్వాడు.

"తెలుసు సెట్టీ," అన్నాడు ఖాసిం వలి.

ఆ తుమ్మల గుబురులో అతని భార్య నబీసా గోరీ ఉంది. సర్కారు నేల తీసుకున్ననాడు అతని చేనుతోబాటు గోరీ కూడా కంచె లోపల పడిపోయింది. నువ్వు మనసు పెట్టి పని చేసినన్నాళ్లూ దాని జోలికి ఎవరూ రారని సెట్టి మాట ఇచ్చాడు. ఖాసిం వలి మనసు పెట్టే చేస్తున్నాడు. నబీసా పక్కన ఉండటానికి ఆ కంచె లోపలికి అతనికి వేరే దారి లేదు.

మధ్యాహ్నానికి బాటల పని అయింది. కుండలో సున్నం మిగిలింది. తుమ్మల్లోకి వెళ్లి గోరీ మీది ఆకులు తీసి, పగుళ్లలో మట్టి మెత్తి, తీరిగ్గా పూత మొదలుపెట్టాడు. పూత ఆరేదాకా ఊరికే కూర్చోలేక చుట్టూ చూశాడు. ఎక్కడెక్కడి వాళ్లకో దారి వేసినవాడు తను. ఇంటిదాని దగ్గరికి పోవాలంటే మాత్రం ముళ్లు తప్పించుకుంటూ, కొమ్మల కింద వంగుతూ వంకరటింకరగా పోవాలి. దీనికి మాత్రం దారి ఎందుకు ఉండకూడదనిపించింది. చేతికందిన రాళ్లు ఏరాడు. పెద్దబాట పక్క నుంచి మొదలుపెట్టి గోరీ తలాపు దాకా రెండు వరుసలు పేర్చి, అన్నింటికీ మూడేసి పూతలు వేశాడు. నీలిమందు కొంచెం ఎక్కువే పడింది. లేచి నిలబడి చూసుకుంటే దొరల బాటకన్నా ముచ్చటగా ఉంది.

పొద్దు వాలింది. చెల్లెలు లాల్ బీ చేసి పంపిన హల్వా, చపాతీలు మూటలో ఉన్నాయి. దిగిన దొరల ముందు లాంతరు పట్టుకుని నడిచే మారెన్నను పిలిచి అందులో సగం చేతిలో పెట్టాడు.

"తిను మారెన్నా. ఈ పొద్దు నలుగురికి పెట్టాల."

"ఏమన్నా, ఇంత నెయ్యా! ఇది తింటే లాంతరు నేను మోసేది లేదు, లాంతరే నన్ను మోయాల."

"పో, షెడ్డు పక్కన కూచుని తిను. ఈ పూట ఏమీ దిగదంట కదా."

దిగదని కబురొచ్చిన మాట నిజమే. కానీ దిగింది.

*

ఖాసిం వలి గోరీ దగ్గర దీపం పెట్టి, ఊదువత్తులు గుచ్చి, చేతులు చాపి దువా చేస్తుండగా నెత్తిమీద మోత పుట్టింది. తుమ్మలు ఊగాయి. విమానం నేల తాకి, బయలు కొసదాకా పరుగెత్తి, తిరిగి వచ్చి ఆగింది. అది లేపిన ఎర్రదుమ్ము పెద్దబాట రాళ్లమీద దుప్పటిలా పడింది. తుమ్మల చాటునున్న గోరీ రాళ్లకు దుమ్ము సోకలేదు. అప్పుడే ఎక్కివస్తున్న పున్నమి చంద్రుడి వెలుగులో అవి ధగధగ మెరుస్తున్నాయి.

దువా ముగించి కళ్లు తెరిచేసరికి ఎదురుగా దొర నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి, జుట్టు నెరిసింది. మోకాలి దగ్గర తుమ్మముల్లు తగిలి లాగు జానెడు చినిగింది. ఆయన తను నడిచివచ్చిన రాళ్ల వైపు చూశాడు, గోరీ వైపు చూశాడు, ఇంగ్లీషులో ఏదో అడిగాడు.

ఖాసిం వలి లేచి సలాం చేశాడు. ఇక్కడ ఎవరున్నారని అడుగుతున్నాడేమో అనుకుని, గోరీ వైపు చెయ్యి చూపి, ఆ చేతిని తన గుండెమీద పెట్టుకున్నాడు.

దొర తలమీది టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఊదువత్తుల పొగ ఆయన మీదికి పోతుంటే తప్పుకోలేదు.

అంతలోనే "దొరా! దొరా!" అని కేకలు వేస్తూ మారెన్న లాంతరుతో పరుగెత్తుకొచ్చాడు. అతని మీసాలకు ఇంకా హల్వా అంటుకునే ఉంది.

*

నడిమి గదిలో పేము కుర్చీమీద కూర్చుని దొర టీ తాగాడు. జ్ఞానరాజుతో ఏవో నాలుగు మాటలు మాట్లాడాడు. గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడ్డ ఖాసిం వలికి ఆయన కోపంగా ఉన్నట్టు తోచలేదు. కబురందుకుని ఊళ్లోనుంచి రొప్పుతూ వచ్చిన కేశవయ్య సెట్టి కళ్లు మాత్రం ఆ చినిగిన లాగుమీదే ఉన్నాయి. చెమట తుడుచుకుంటూ జ్ఞానరాజును పక్కకు పిలిచి గుసగుసలాడాడు. దొర తన కోసం వచ్చిన బండిలో కడపకు పోయాడు. అప్పుడు సెట్టి బయటికి వచ్చాడు.

"దొర హుకుం అయింది సాయిబూ. ఆ గోరీ ఉండగూడదంట."

ఖాసిం వలి జ్ఞానరాజు వైపు చూశాడు. జ్ఞానరాజు బల్లమీది కలం తీసి సిరాబుడ్డిలో ముంచాడు. రాయలేదు. మళ్లీ ముంచాడు.

"రాళ్లు తీసేస్తా సెట్టీ. ఇప్పుడే తీసేస్తా. నాదే తప్పు."

"రాళ్లు ఈ పొద్దు తీస్తావు, మళ్లా పండగొస్తే పెడతావు. గోరీ ఉంటే కదా దారి ఏసేది?"

ఖాసిం వలి ముందుకు వంగి సెట్టి కాళ్లు పట్టుకోబోయి, చేతులకు సున్నం ఉందని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"అట్లయితే నన్నే తీసుకుపోనీ సెట్టీ. ఎముకలన్నా ఏరుకుని ఊళ్లో గోరీలకాడ పెట్టుకుంటా. ముల్లాకు చెప్పి, నలుగురిని పిలిచి, పద్ధతిగా. శుక్రవారం దాకా ఓర్చుకో."

సెట్టి ఆలోచించాడు. గొంతు మెత్తబడింది.

"సరేలే. నేనేమన్నా కసాయోన్నా? శుక్రవారం తీసుకుపో. కాకుంటే సున్నం అయిపోయింది. రేపు బండి కట్టుకుని కడపకు పోయి బట్టీకాడ సున్నం ఎత్తుకురా. వచ్చినాక నీ పని నువ్వు చేసుకో."

ఖాసిం వలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ కడుపు సల్లగుండ" అని సెట్టికి దండం పెట్టాడు.

*

కడపలో బట్టీ ఇంకా చల్లారలేదని ఒకరోజు ఆపారు. దర్గాకు పోయి ఫాతెహా ఇప్పించి, నబీసాను కొత్త చోట పెట్టేటప్పుడు కప్పడానికి ఒక తెల్లగుడ్డ కొనుక్కుని, గురువారం సాయంత్రానికి తిరిగివచ్చాడు. గేటు దాటి బండిని షెడ్డు వెనక్కి తిప్పి, ఎద్దుల పగ్గాలు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

తుమ్మలు లేవు. దూరాన, కంచె మూలన మాత్రం ఒక్క చెట్టు మిగిలింది. మిగతా నేలంతా చదును చేసి, ఎర్రగరుసు పోసి, రోలరు తిప్పారు. ముళ్లకంచెను కూడా అవతలికి జరిపారు. అరచేతిలా ఉంది. దానిమీద అప్పటికే రెండు లారీలు నిలబెట్టారు.

బండి దిగి నడవబోయాడు. ఎటు పోవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ ఆ గోరీ దగ్గరికి అతను నేరుగా నడిచింది ఒక్క పండుగ పొద్దే. మిగతా రోజుల్లో జంట తుమ్మ దగ్గర కుడికి, పుట్ట దగ్గర ఎడమకు, వంగిన కొమ్మ కింద తల దించుకుని, ఆ పైన నాలుగు అడుగులు. ఇప్పుడు జంట తుమ్మ లేదు, పుట్ట లేదు, కొమ్మ లేదు. షెడ్డు గోడ దగ్గరికి పోయి మొదటినుంచి లెక్క పెట్టుకుందామని చూశాడు. కాళ్లు తమకు అలవాటైన వంకరలు తిరిగి ప్రతిసారీ ఒక కొత్తచోట తెచ్చి నిలబెట్టాయి.

మారెన్న రోలరు ఎద్దులకు నీళ్లు పెడుతూ కనబడ్డాడు. ఖాసిం వలిని చూసి చేద వదిలేసి వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

"మారెన్నా. నువ్వేనా తోలింది?"

"లాంతరు పట్టుకోకుండా తినేకి కూచున్నావు కదా, ఇది చేస్తే నీ తప్పు మాఫీ అన్నాడన్నా సెట్టి. నువ్వు ఎముకలు ఎత్తుకుపోయినావనీ, ఇంక ఈడ ఏమీ లేదనీ చెప్పినాడు."

"నువ్వు నమ్మినావా?"

మారెన్న షెడ్డు గోడకు ఇంకా దగ్గరగా జరిగాడు.

"పోనీ యాడుండాదో చెప్పు. రోలరు ఎక్కినప్పుడు తెలిసుంటాది కదా. ఎత్తుగా తగిలుంటాది కదా."

"తెలీదన్నా," అన్నాడు మారెన్న గోడవైపే చూస్తూ. "ఆడ తోలేటప్పుడు కండ్లు మూసుకున్నా. ఎద్దులు ఎట్ల పోయినాయో అట్ల పోయినా."

ఖాసిం వలి కూలబడ్డాడు. కాసేపటికి పక్కన ఏదో కదిలినట్టయి చూస్తే ఇత్తడి లోటాతో నీళ్లు పట్టుకుని జ్ఞానరాజు నిలబడి ఉన్నాడు. అది దొరలకు పెట్టే లోటా. అతను కూడా గరుసుమీదే కూర్చున్నాడు. ఉతికిన ప్యాంటుకు మట్టి అవుతున్నా చూసుకోలేదు.

"ఒక మాట చెప్పాల ఖాసిమన్నా. చెప్పకుంటే నాకు అన్నం దిగడంలేదు."

"చెప్పండయ్యా."

"దొర గోరీ మాటే ఎత్తలేదు. రాళ్లు చూసి దారి తప్పినాను, ఆ రాళ్లు తీసేయమను, మళ్లా ఎవరూ ముళ్లలో పడకుండా అన్నాడు. అంతే. సెట్టికి నేను అదే చెప్పినా. నీకు ఆయన ఇంకోటి చెప్తావుంటే నేను నోరు మూసుకున్నా."

ఖాసిం వలి లోటా అందుకుని నీళ్లు తాగాడు. ఎంతో దాహంగా ఉన్నవాడిలా ఆపకుండా అంతా తాగాడు. లోటా తిరిగి ఇచ్చేస్తూ, "పొద్దు పోయిందయ్యా, ఇంటికి పోండి, ఇంట్లో ఎదురుచూస్తాంటారు," అన్నాడు.

*

ఆదివారం పొద్దున సెట్టి పరుగున వచ్చాడు. గొడుగు కూడా తెచ్చుకోలేదు.

"సాయిబూ, లెయ్. దొర కడప నుంచి బయల్దేరినాడంట. విమానం ఎక్కేలోగా గోరీకాడ పూలు పెట్టిపోతాడంట. ఆయన పెండ్లాం కూడా వాళ్ల దేశంలో బాంబు పడి సచ్చిపోయిందంట. లెయ్, లెయ్. ఆ మూల తుమ్మ కింద మట్టి ఎత్తి గోరీ మాదిరి చెయ్. సున్నం కొట్టు. రాళ్లు పెట్టు, పెద్దబాటకు తగలకుండా షెడ్డుకాడి నుంచి, నీ ఇష్టం వచ్చినన్ని పెట్టుకో."

ఖాసిం వలికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుంచె కింద పెట్టేశాడు.

"నేను చెయ్యను సెట్టీ. దొర వస్తే ఉన్నది ఉన్నట్టు చెప్తా."

"చెప్పు," అన్నాడు సెట్టి చప్పున చల్లబడి. "చెప్పు. నేనూ చెప్తా. రాళ్లు తీయమంటే మారెన్న తాగి రోలరు తోలి గోరీ పాడుచేసినాడని చెప్తా. యుద్ధకాలం. దొర కండ్లముందర ఎవడో ఒకడు జైలుకు పోవాల కదా. వాని పెండ్లాం కడుపుతో ఉండాదంట. నీకెట్ల మంచిదనిపిస్తే అట్ల చెయ్."

కొంచెం దూరంలో మారెన్న ఎద్దుల మెడకింద గోకుతున్నాడు. అతనికి ఈ మాటలు వినబడలేదు.

ఖాసిం వలి పార తీసుకున్నాడు. మూల తుమ్మ కింద మట్టి కుప్పబోసి, నీళ్లు చల్లి, పారతో తట్టి, నునుపుచేశాడు. ఆడమనిషి గోరీ కాబట్టి పైన బల్లపరుపుగా చేశాడు. సున్నం కలిపాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మూడు పూతలకు సమయం లేదు. తడి పూతమీదే రెండోది వేశాడు. షెడ్డు నుంచి అక్కడిదాకా రాళ్లు మారెన్న పేర్చాడు. ఎందుకు పేరుస్తున్నాడో అతను అడగలేదు.

దొర వచ్చాడు. చేతిలో కడప కచ్చేరీ తోటలో కోసినట్టున్న ఎర్రపూల గుత్తి ఉంది. తెల్లరాళ్ల మధ్య మెల్లగా నడిచాడు. ముందు ఖాసిం వలి, వెనక జ్ఞానరాజు, ఆ వెనక సెట్టి. ఆనాడు వచ్చింది రాత్రిపూట, తుమ్మల చాటున. ఆయనకు చోటు మారిన సంగతి తెలియలేదు. తుమ్మ కింద ఆగి టోపీ తీశాడు. మోకాలు వంచి పూలు పెట్టాడు. తడి సున్నం ఆయన వేళ్లకు అంటింది. తుడుచుకోలేదు. చాలాసేపు తల వంచుకుని ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఎవరి పేరో తలచుకుంటున్నాడని ఖాసిం వలికి తెలిసిపోయింది. ఆ మనిషి మీద జాలి కలిగింది. ఆయన దుఃఖం నిజమైనది. ఆ దుఃఖాన్ని ఒక మట్టికుప్ప ముందు నిలబెట్టినవాడు తను.

దొర లేచి ఇంగ్లీషులో ఏదో అడిగాడు.

"నీ ఇంటామె పేరు అడుగుతాండాడు," అన్నాడు జ్ఞానరాజు చిన్నగా.

ఖాసిం వలి నోరు తెరిచాడు. పేరు నాలుక మీదికి వచ్చింది. మట్టి ఎత్తాడు, సున్నం కొట్టాడు, ముందు నడిచి దారి చూపాడు. ఈ ఒక్కటీ చేతకాలేదు.

"పేరు లేదని చెప్పండయ్యా. ఈడుండేదానికి పేరు లేదు."

జ్ఞానరాజు అతని మొహంలోకి చూసి తల దించుకున్నాడు. దొర ఇద్దరి వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. అంతలో వెనకనుంచి కేశవయ్య సెట్టి ముందుకు దూసుకొచ్చి, రెండు చేతులూ జోడించి, తనకు తోచిన మొదటి తురక పేరు చెప్పేశాడు.

"పీరమ్మ దొరా! పీరమ్మ!"

"పీరమ్మ," అన్నాడు దొర, తన నోటికి రాని ఆ పేరును జాగ్రత్తగా, ఒక్కో అక్షరం విడదీసి. మరొకసారి అన్నాడు. ఖాసిం వలి భుజంమీద చెయ్యి వేసి నొక్కాడు. పోయేముందు జ్ఞానరాజుతో ఒక మాట చెప్పాడు. ఇది ఎప్పుడూ ఇలాగే తెల్లగా ఉండాలని, ఇదే మనిషి చూసుకోవాలని.

విమానం లేచిపోయింది. సెట్టి ఊపిరి పీల్చుకుని నవ్వాడు.

"చూస్తివా సాయిబూ, నీ పని ఖాయం అయిపాయ. బతికినన్నాళ్లూ ఎవరూ తీయలేరు."

*

దొర టోపీ తీసిన గోరీ అన్న మాట కూలీల్లో పాకింది. గరుసు మోసే ఆడవాళ్లు పొద్దున్నే పనిలో దిగేముందు ఆ తుమ్మ దగ్గరికి పోసాగారు. ఎవరో ఆకుపచ్చ గుడ్డ తెచ్చి కప్పారు. ఎవరో కొమ్మకు గాజులు కట్టారు. ఖాసిం వలి వారానికొకసారి సున్నం కొట్టేవాడు. బాగానే కొట్టేవాడు. అతని చేతికి మరోరకంగా కొట్టడం రాదు.

ఒక ఉదయం లారీలు లేని వేళ చూసుకుని అతను షెడ్డు వెనకనున్న చదునుమీదికి వచ్చాడు. అక్కడ కొత్తగా రాళ్లు పేర్చాలని సెట్టి చెప్పాడు. కుండ దించి, చెప్పులు విడిచి, నేల చూసుకుంటూ కొంతదూరం నడిచాడు. గరుసు అంతా ఒకేలా ఉంది.

"అన్నా!" అని ఎవరో పిలిచారు. చంకలో పసివాణ్ని వేసుకుని హంపమ్మ అనే కొత్త కూలీ నిలబడి ఉంది. ఆదోని వైపునుంచి వచ్చిన మనిషి. పిల్లవాడి కళ్లు మూతలు పడుతున్నాయి, ఒళ్లంతా కాలిపోతున్నట్టుంది.

"పీరమ్మ గోరీకి ఎట్ల పోవాలన్నా? శానా సత్యం గలదంట కదా. నువ్వు వాళ్లాయనంట కదా."

అక్కడ ఏమీ లేదమ్మా అందామనుకున్నాడు. ఆమె పిల్లవాడి నుదుటిమీద తన చెంప ఆనించుకుని అతని మొహంలోకే చూస్తోంది. రాత్రంతా నిద్రలేని కళ్లు.

"కడప కచ్చేరీ వీధిలో డాక్టరు ఉండాడు, ఆయన దగ్గరికి కూడా పో తల్లీ," అన్నాడు. "జ్ఞానరాజయ్యకు చెప్పు, బండి ఇప్పిస్తాడు."

"పోతాలే అన్నా. ముందు ఆయమ్మకు మొక్కుకుని పోతా. దారి చెప్పు."

ఖాసిం వలి చెయ్యెత్తి చూపాడు.

"ఆ తెల్లరాళ్ల మధ్యనే పో. తప్పిపోవు."

ఆమె పిల్లవాణ్ని సర్దుకుని, దగ్గర దారి కదా అని చదునుకు అడ్డంపడి గబగబా నడిచిపోయింది. గరుసుమీద ఆమె అడుగుల చప్పుడు వింటూ నిలబడ్డాడు. ప్రతి అడుగుకూ, అక్కడ కాకూడదు, అక్కడ కాకూడదు అనుకున్నాడు. ఆమె తుమ్మ దగ్గరికి చేరింది. షెడ్డు దగ్గరనుంచి సెట్టి, సున్నం ఎండిపోతోందని కేక వేశాడు. వస్తున్నానన్నాడు ఖాసిం వలి. అని, కదలబోయి కుడిపాదం ఎత్తాడు. దాన్ని మళ్లీ ఎక్కడ ఆనించాలో తెలియక అలాగే ఉండిపోయాడు.